ఒక్క ఏ4 కాగితం, ఎనిమిది పేజీలు: బ్రెజిల్ క్రాతో కవులు కోర్డెల్ ఎలా అచ్చేసుకుంటారు?

విభాగం: చిన్న పత్రికలు, సొంత అచ్చు

సిరాబుడ్డి

బ్రెజిల్ ఈశాన్యంలో సియరా రాష్ట్రం ఉంది. దాని దక్షిణపు కొసన, అరరిపె పీఠభూమి పాదాల దగ్గర క్రాతో అనే ఊరు. పక్కనే జువజేరు దో నోర్తె, బర్బాల్య. మూడు ఊళ్ల పేర్లూ కలిపి అక్కడివాళ్లు క్రజుబార్ అంటారు, ఆ ప్రాంతమంతా కరిరి. సముద్రం ఒడ్డునున్న రాష్ట్ర రాజధాని ఫోర్తలేజా అక్కడికి దాదాపు 500 కిలోమీటర్లు. పెద్ద ప్రచురణ సంస్థలు రియోలో, సావో పాలోలో. ఇంత లోపలి ఊళ్లో కవులు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా కోర్డెల్ అనే పద్యకథల చిట్టిపుస్తకాలు రాసి, అచ్చేసి, అమ్ముకుంటున్నారు.

నాకు కావలసింది పొగడ్త కాదు, పని వివరం. ఎన్ని పేజీలు, పేజీకి ఎన్ని పద్యాలు, ముఖచిత్రం ఎలా చెక్కుతారు, ఎక్కడ చెడుతుంది? మా చదువరుల బృందం ఇదే కొలతలో ఒక తెలుగు పుస్తకం వేద్దామనుకుంటోంది. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

పాతప్రతి

పని వివరం మిగతావాళ్లు చెబుతారు. చరిత్రలో రెండు ముక్కలు మాత్రం తెలుసుకోక తప్పదు, లేకపోతే ముఖపత్రం మీద పేర్లు ఎందుకు అలా ఉంటాయో అర్థం కాదు.

ఈ పుస్తకాలను వరుసగా అచ్చేసి అమ్మడం మొదలుపెట్టిన పెద్ద కవి లెయాంద్రో గోమెస్ ది బారోస్ (1865–1918). ఆయన పోయాక 1921లో ఆయన రచనల హక్కులు జువావ్ మార్తిన్స్ ది అతాయిది కొన్నాడు. 1949లో అతాయిది దగ్గర నుంచి ఆ సరుకంతా జువజేరులోని జోసె బెర్నార్దో ద సిల్వాకి చేరింది. ఆయన అచ్చాపీసు పేరు చిపోగ్రఫీయ సావ్ ఫ్రాన్సిస్కో. అతాయిది ఉన్న తీరప్రాంతపు రెసీఫె నుంచి ఈ వ్యాపారం కేంద్రం లోపలి ఊరికి మారింది అలాగే. 1980లో ఆ అచ్చాపీసుకు లిర నోర్దెస్తీన అని పేరు మార్చారు. ఆ పేరు సూచించినవాడు పతతీవ దో అసరె (1909–2002), అదే కరిరి ప్రాంతపు కవి. తర్వాత అది ప్రభుత్వానికి, అక్కడి నుంచి కరిరి ప్రాంతీయ విశ్వవిద్యాలయానికి చేరింది.

హక్కులు కొన్నవాడు ముఖపత్రం మీద "ఎదితోర్ ప్రొప్రియెతారియు", అంటే ప్రచురణకర్త, యజమాని అని తన పేరు వేసుకునేవాడు. అసలు కవి పేరు మాయమయ్యేది. దానికి కవులు కనిపెట్టిన కాపలా ఏమిటంటే, చివరి పద్యంలో ఒక్కో పాదం మొదటి అక్షరం కలిపి చదివితే తమ పేరు రావడం. కొందరు ప్రచురణకర్తలు ఆ పాదాల మొదటి మాటలు మార్చి పేరు చెరిపేశారు కూడా. పరిశోధకులు ఇప్పటికీ పాత ప్రతులు పక్కపక్కన పెట్టి ఆ చివరి పద్యాలే ముందు చూస్తారు.

మన గుజిలీ ప్రతులు తెలిసినవాళ్లకు ఇదేం కొత్తగా ఉండదు. చవక కాగితం, సంతలో అమ్మకం, ఎవరు రాశారో తేలని పాటలు.

కొత్తచదువరి

తాడు మీద ఆరేసి అమ్ముతారు కాబట్టే కోర్డెల్ అన్న పేరు వచ్చింది కదా? మనం కూడా తాడు కట్టి క్లిప్పులు పెడితే బాగుంటుంది.

పాతప్రతి

తాడు అన్న అర్థం నిజమే, కానీ ఆ పేరు పోర్చుగల్ నుంచి పండితుల ద్వారా వచ్చింది. ఈశాన్యంలో కవులూ కొనేవాళ్లూ దీన్ని ఫొల్యేతో అనేవారు. సంతలో ఎక్కువగా పెట్టె మూత తెరిచి గానీ, నేల మీద గుడ్డ పరిచి గానీ అమ్మేవారు. తాడు ఇప్పటి ప్రదర్శనల్లో ఎక్కువ కనిపిస్తుంది. మీరు కట్టుకోండి, తప్పేం లేదు. ఒక్క జాగ్రత్త: క్లిప్పు పలచని ముఖపత్రం మీద గీత పడేస్తుంది, అందుకని పుస్తకాన్ని నడిమి మడతతో తాడు మీద వేలాడదీయండి.

పాదలెక్క

ఛందస్సు గురించి నేను చెబుతాను. మూడు విషయాలు తప్పకూడదని కోర్డెల్ కవులు అంటారు: మేత్రిక (లెక్క), హీమ (ప్రాస), ఒరసావ్ (పట్టుకున్న విషయం వదలకపోవడం). మూడోదాన్ని కొత్తవాళ్లు పట్టించుకోరు. ప్రాస కోసం కథలో లేని గుర్రాన్ని తెస్తే పద్యం అందంగా ఉన్నా ఒరసావ్ పోయినట్టే.

ఎక్కువగా వాడేది సెస్తీల్య. ఆరు పాదాలు, ఒక్కో పాదానికి ఏడు అక్షరాలు. 2, 4, 6 పాదాలు అంత్యప్రాసలో కలవాలి. 1, 3, 5 స్వేచ్ఛ. మన ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది, వాళ్లది పూర్తిగా పాదం చివర.

లెక్కపెట్టే పద్ధతి మనకు భిన్నం. గురులఘువులు ఉండవు. చివరి ఊనిక పడే అక్షరం దాకానే లెక్క, ఆ తర్వాతది లెక్కలోకి రాదు. అచ్చు పక్కన అచ్చు వస్తే కలిసిపోతుంది, మన సంధి లాగే. రెండు పాదాలు కట్టి చూపిస్తాను.

"ను సెర్తావ్ దు కరిరీ" (కరిరి మెట్టప్రాంతంలో): ను-సెర్-తావ్-దు-క-రి-రీ. ఏడు.

"మీన్య అవో వెందీయ అ సేర" (మా అమ్మమ్మ మైనం అమ్మేది): మీ-న్యా-వో-వెన్-దీ-యా-సే(ర). కాగితం మీద చూస్తే పది అక్షరాలు. రెండు చోట్ల సంధి జరిగింది, చివరి "ర" ఊనిక తర్వాతది కాబట్టి పోయింది. మిగిలింది ఏడు.

ఇందులో సాధారణంగా జరిగే పొరపాట్లు:

ఈశాన్యపు మాటలో క్రియ చివరి "ర్" పలకరు. "కంతార్" అన్నది "కంతా" అని వినిపిస్తుంది. అందుకని దాన్ని "లా"తో ప్రాస కలిపేస్తారు. చెవికి బాగానే ఉంటుంది, నియమం పాటించే కవులు మాత్రం ఒప్పుకోరు. అలాగే ఏకవచనానికి బహువచనంతో ప్రాస కలపడం. పతతీవ లాగా పల్లె యాసలోనే రాస్తే యాసకు తగ్గట్టు ప్రాస నడుస్తుంది, కానీ అప్పుడు పుస్తకం అంతా ఆ యాసలోనే ఉండాలి. నాలుగు పద్యాలు గ్రాంథికం, రెండు పద్యాలు యాస అంటే కుదరదు.

మిగతా రూపాలు: సెతీల్య ఏడు పాదాలు (2, 4, 7 ఒక ప్రాస, 5, 6 ఇంకో ప్రాస). దేసిమ పది పాదాలు (1, 4, 5 / 2, 3 / 6, 7, 10 / 8, 9). పేరు అక్షరాలు చివరి పద్యంలో పొదగాలంటే ఈ లెక్క పనికొస్తుంది: ఆరు అక్షరాల పేరు సెస్తీల్యలో, ఏడైతే సెతీల్యలో, పదైతే దేసిమలో పడుతుంది.

పేజీ_మడత

ఇక కాగితం. కోర్డెల్ పేజీలు ఎనిమిది, పదహారు, ఇరవైనాలుగు, ముప్ఫైరెండు అని ఎనిమిది చొప్పున పెరుగుతాయి. ఎందుకంటే ఒక కాగితాన్ని రెండుసార్లు మడిస్తే ఎనిమిది పేజీలు వస్తాయి. కవి రాసేటప్పుడే ఈ లెక్క మనసులో ఉంటుంది. పేజీకి నాలుగు సెస్తీల్యలు, ఎనిమిది పేజీలకు 32 పద్యాలు, 192 పాదాలు. 33వ పద్యం వచ్చిందంటే ఒక పద్యం కొట్టేయాలి, లేదా పదహారు పేజీలకు పోవాలి. మధ్యదారి లేదు. తాజా వార్త మీద రాసే పుస్తకం ఎనిమిది పేజీలే ఉంటుంది, రాత్రి రాసి మర్నాడు అచ్చుకిచ్చి సంతకు పట్టుకెళ్లాలి కాబట్టి. పెద్ద ప్రేమకథలు, వీరగాథలు ముప్ఫైరెండుకి పోతాయి.

ఏ4 నిలువుగా పెట్టుకుంటే ఒక్కో పేజీ 10.5 × 14.85 సెంటీమీటర్లు. అమరిక ఇది:

ముందువైపు
పై వరుస (తలకిందులుగా): 5 | 4
కింది వరుస (మామూలుగా): 8 | 1

వెనకవైపు
పై వరుస (తలకిందులుగా): 3 | 6
కింది వరుస (మామూలుగా): 2 | 7

మడత: ముందువైపు మీకు కనబడేలా పట్టుకుని, పై సగాన్ని వెనక్కి మడవండి. ఇప్పుడు ముందు 8, 1 కనిపిస్తాయి, తిప్పి చూస్తే 4, 5. ఆ 4, 5 లోపలికి వచ్చేలా నిలువుగా మడవండి. పేజీల తల దగ్గర మడత మిగులుతుంది, పిన్నులు కొట్టాక అక్కడ 2 మిల్లీమీటర్లు కోసేయాలి. పాతవాటిలో కొన్ని కోయకుండానే అమ్మేవారు, కొన్నవాడే చాకుతో విప్పుకునేవాడు.

పేజీలో స్థలం: పైనా కిందా 1.3, పక్కల 1.2 సెంటీమీటర్లు వదిలితే రాతకు 8.1 × 12.2 మిగులుతుంది. నాలుగు సెస్తీల్యలంటే 24 పంక్తులు, మధ్య 3 ఖాళీలు, మొత్తం 27. పోర్చుగీసు లిపికి 10 పాయింట్ల అక్షరం, పంక్తికి 12.5 పాయింట్లు ఇస్తే 11.9 సెంటీమీటర్లలో సరిపోతుంది. ఐదు పద్యాలు పెట్టాలంటే 8 పాయింట్లకు దిగాలి, సంతలో పెద్దవాళ్లు చదవలేరు.

500 ప్రతులకు లోపలి కాగితం సరిగ్గా ఒక రీము. పాడయ్యేవాటికి ఇంకో 25 షీట్లు కలుపుకోండి. ముఖపత్రం రంగు కాగితం, ఏ4 కి రెండు చొప్పున 250 షీట్లు, వాటికీ 15 అదనం.

నల్లేరు

రెండువైపులా ప్రింట్ తీస్తే 1 వెనక 6 వస్తోంది. అమరిక సరిగానే పెట్టాను.

పేజీ_మడత

ప్రింటర్ సెట్టింగులో పొట్టి అంచు మీద తిప్పమని ఉంది. పొడుగు అంచు అని మార్చండి, 1 వెనక 2 వస్తుంది. ఒక్క షీటు తీసి మడిచి, పేజీలు వరుసగా తిప్పి చూశాకే మిగతా 499 కి ఆజ్ఞ ఇవ్వండి. ఇంకోటి: "పేజీకి సరిపోయేలా కుదించు" అన్న గుర్తు తీసేయండి. లేకపోతే నాలుగు పేజీలూ కొద్దిగా చిన్నవై మధ్య మడత అక్షరాల మీద పడుతుంది.

పిన్నుల సంగతి కూడా చెబుతాను. బల్ల మీద ఉండే మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు. పొడుగు చేతి స్టేప్లర్ కావాలి, పిన్నులు 24/6. పైనుంచి 3.5, కిందనుంచి 3.5 సెంటీమీటర్ల దగ్గర రెండు పిన్నులు. బయటినుంచి లోపలికి కొట్టాలి, కాళ్లు 4, 5 పేజీల మధ్య మడవబడాలి. తిరగేసి కొడితే ముఖపత్రం మీద కాళ్లు లేచి వేళ్లకు గుచ్చుకుంటాయి.

చెక్కఉలి

ముఖచిత్రం. మొదట్లో పూలతీగల అచ్చులు, తర్వాత సినిమా తారల బొమ్మలున్న జింకు బ్లాకులు వాడేవారు. బ్లాకు పెద్ద ఊళ్లో చేయించుకోవాలి, డబ్బూ కాలమూ రెండూ పోతాయి. ఊళ్లోనే చెక్క చెక్కేవాడుంటే సాయంత్రానికి బొమ్మ చేతికొస్తుంది. జువజేరులో చెక్కముద్ర అలా నిలబడింది. మెస్త్రి నోజ, వల్దెరేదో గొన్సాల్విస్, స్తేనియు దినిజ్ ఈ ఊళ్ల పెద్ద చేతులు. పెర్నంబూకు రాష్ట్రపు బెజెహోస్ అనే చిన్న ఊరి నుంచి జె. బోర్జెస్ (1935–2024) తన పద్యానికి తానే చెక్క చెక్కుకుని ప్రపంచమంతా తెలిశాడు.

చెక్క: ఉంబురాన. కాటింగా అనే ఎండుఅడవి చెట్టు, మెత్తగా, సమంగా కోసుకుంటుంది. (దీని తొర్రల్లోనే అక్కడి కొండిలేని తేనెటీగలు గూడు పెడతాయి. కొట్టేముందు తొర్ర చూడాలి.) దొరకనివాళ్లు దేవదారు జాతి చెక్క, లినోలియం, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) వాడుతున్నారు. ఎండీఎఫ్‌లో సన్నగీత అంచు పొడిపొడిగా రాలుతుంది, 1 మిల్లీమీటరు కన్నా సన్నగీతలు పెట్టకండి.

పలకను నార వెంబడి కోస్తారు, అడ్డంగా కాదు. సీసపు అక్షరాలతో కలిపి మరలో బిగించాలంటే ఎత్తు అక్షరాలతో సమానంగా, సుమారు 23.5 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే కింద కాగితం ముక్కలు పెట్టి లేపుతారు. చేత్తో రుద్దేవాళ్లకు 1.5 సెంటీమీటర్ల మందం చాలు.

పని వరుస: పలకను 150, తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. బొమ్మను పలచని కాగితం మీద గీసి, తిరగేసి, కార్బన్ పెట్టి పలక మీదకు దించాలి. ముందు చాకుతో గీత రెండు పక్కలా గాటు. ఆ గాటు గీతకు దూరంగా ఏటవాలుగా ఉండాలి, గీత మొదలు వెడల్పుగా, గట్టు లాగా నిలవాలి. లోపలికి వాలిస్తే గీతకు కింద పట్టు ఉండదు, పదో ముద్రకు విరిగిపోతుంది. తర్వాత గోయివ (గుంట ఉలి)తో తెల్లగా రావలసిన భాగం తీసేయాలి. గీతల మధ్య 2 మిల్లీమీటర్లు, పెద్ద ఖాళీల్లో 3 లేదా 4. పెద్ద ఖాళీలో లోతు చాలకపోతే రోలరు దిగబడి సిరా అంటుకుంటుంది. పనిముట్లు చాలామంది సొంతంగా చేసుకుంటారు, పాత గొడుగు ఊచలు అరగదీసి కూడా.

సిరా నూనె సిరా. గాజు మీద రోలరు తిప్పితే సన్నగా చిటచిటమనే చప్పుడు రావాలి. పచపచమంటే ఎక్కువైంది. కాగితం పరిచి చెక్క గరిటె వీపుతో మధ్యనుంచి అంచులకు చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి. ఒక మూల ఎత్తి చూసుకోవచ్చు, ఎదురుమూల మాత్రం వేలితో నొక్కి పట్టుకోవాలి, లేదంటే బొమ్మ రెండుగా పడుతుంది. నలుపులో తెల్ల చుక్కలు వస్తే సిరా గానీ ఒత్తిడి గానీ తక్కువ. సన్నగీతలు పూడుకుపోతే సిరా ఎక్కువ. పలకను నీళ్లతో కడగకండి, ఉబ్బి గీతలు వంకరపోతాయి. కిరసనాయిలు గుడ్డతో తుడవండి.

500 ముఖపత్రాలు గరిటెతో రుద్దడం అయ్యే పని కాదు. మంచి ముద్ర ఒకటి తీసి, 600 డీపీఐలో నలుపు-తెలుపు రెండు రంగుల్లోనే స్కాన్ చేసి, దాన్నే ప్రింట్ తీస్తున్నారు. బూడిదరంగు షేడ్లతో స్కాన్ చేస్తే రంగు కాగితం మీద బొమ్మ చుట్టూ మురికిపొర వస్తుంది.

ముఖపత్రం వరుస: పైన కవి పేరు, దాని కింద కథ పేరు పెద్ద అక్షరాల్లో, మిగిలిన కింది భాగంలో బొమ్మ. బొమ్మకు 8 × 8 సెంటీమీటర్లు చాలు. పేరును చెక్కలోనే చెక్కాలనుకుంటే తిరగేసి రాయడం మరిచిపోకండి. ఇది ఇప్పటికీ అందరూ చేసే పొరపాటు.

సిరాబుడ్డి

చెక్కఉలి గారూ, పలకలు చెక్కేవాళ్లకు ముఖపత్రాల మీద బతుకు గడుస్తుందా?

చెక్కఉలి

ముఖపత్రం ఒక్కదానితో కష్టమే. అందుకే పెద్ద పలకలు చెక్కి, గోడకు తగిలించుకునే ముద్రలు సంతకం పెట్టి విడిగా అమ్ముతారు. ఎక్కువ రాబడి అందులోనే. దానివల్ల కవి చిన్న బొమ్మ అడిగితే ఆలస్యమవుతుంది, కొందరు కవులు తామే చెక్కడం నేర్చుకుంటున్నారు.

పాతప్రతి

అమ్మకం సంగతి. జువజేరుకు పాద్రె సీసెరో (1844–1934) అనే క్రైస్తవ మతగురువు భక్తులు యాత్రగా వస్తారు. ఫిబ్రవరి 2, సెప్టెంబరు 15, నవంబరు 2 పెద్ద యాత్రలు. క్రాతోలో జులైలో పశువుల ప్రదర్శన పెద్ద సంత. కొత్త పుస్తకం ఈ తేదీలకు రెండు వారాల ముందే సిద్ధం కావాలి. సంతలో అమ్మేవాడు పద్యాలు గొంతెత్తి చదివి, కథ ముడిపడిన చోట ఆపేస్తాడు. మిగతాది కావాలంటే కొనుక్కోవాలి. అందుకని రాసేటప్పుడే నాలుగో పేజీకల్లా ముడి పడేలా చూసుకుంటే అమ్మేవాడికి పని తేలిక.

డబ్బు లేని కవికి పాతకాలం నుంచీ ఒక ఏర్పాటు ఉంది, దాన్ని అక్కడ "కొంగ" అంటారు. అచ్చేసినవాడు డబ్బుకు బదులు కొన్ని ప్రతులు కవికిస్తాడు, కవి వాటిని అమ్ముకుంటాడు.

సంఘాల విషయానికొస్తే, క్రాతోలో కోర్డెల్ కవుల అకాడమీని 1991లో రేడియో వ్యాఖ్యాత ఎలోయి తెలెస్ పెట్టాడు. జోసెనీర్ లసెర్ద లాంటి స్త్రీలు అందులో గట్టిగా రాశారు. జువజేరులో 2000లో కుర్రకారు "కోర్డెలిస్తస్ మౌదీతోస్" అని గుంపు కట్టారు. పాత రూపం, కొత్త విషయాలు: ఆడవాళ్ల హక్కులు, కులవివక్ష లాంటి వర్ణవివక్ష, అలవాటుపడిన కథల్లోని మగపెత్తనం. న్యాయవాది సలేతి మరీయ ద సిల్వా ఆ గుంపులోంచే వచ్చింది. నా దృష్టిలో ఈ రూపం ఇంకా బతికుందంటే సగం కారణం వీళ్లు. 2018 సెప్టెంబరు 19న బ్రెజిల్ వారసత్వ సంస్థ కోర్డెల్‌ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు మంచిదే, కాగితం ఖర్చు మాత్రం ఇప్పటికీ కవిదే.

నల్లేరు

పాత కోర్డెల్ ఒకటి తెలుగులోకి అనువదించి వేస్తే హక్కుల ఇబ్బంది ఉంటుందా?

పాతప్రతి

బ్రెజిల్ చట్టం (1998 నాటి 9.610) ప్రకారం కవి చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 70 ఏళ్లు. లెయాంద్రో 1918లో పోయాడు, స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అతాయిది 1959లో పోయాడు, ఆయన సొంత రచనలు 2030 జనవరి 1న విడుదలవుతాయి. పతతీవవి 2073లో. ముఖపత్రం మీద అతాయిది పేరుంది కదా అని ఆయనదే అనుకోకండి, పైన చెప్పిన చివరి పద్యం చూడండి. ముఖచిత్రం చెక్కినవాడి హక్కు వేరు, పద్యం స్వేచ్ఛగా ఉన్నా బొమ్మ ఉండకపోవచ్చు. స్కాన్ ప్రతులకు రియోలోని కాజ ది రూయి బర్బోజ సేకరణ, ఫ్రాన్స్‌లో ప్వాతియె విశ్వవిద్యాలయ సేకరణ వెతకండి.

పాదలెక్క

సిరాబుడ్డి గారూ, తెలుగులో వేసేటప్పుడు ఒక మాట. ఏడు అక్షరాల లెక్కను అలాగే దించుకోకండి. మనకు ఊనిక మీద లెక్క ఆగదు, పాదం కుంటుతుంది. మాత్రల లెక్క పెట్టుకుని ఆరు పాదాలు, 2-4-6 అంత్యప్రాస ఉంచుకుంటే కోర్డెల్ నడక కొంత దక్కుతుంది. గొంతెత్తి చదివి చూడండి, నాలుగో పాదం దగ్గర ఊపిరి తిరగాలి.

పేజీ_మడత

నేను ఇచ్చిన 12.5 పాయింట్ల లెక్క కూడా తెలుగుకు పనికిరాదు. పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. 10 పాయింట్ల అక్షరానికి 16 ఇవ్వండి. అప్పుడు పేజీకి మూడు పద్యాలు: 18 పంక్తులు, 2 ఖాళీలు, మొత్తం 20. అంటే 320 పాయింట్లు, 11.3 సెంటీమీటర్లు, హాయిగా పడుతుంది. ఎనిమిది పేజీలకు 24 పద్యాలు. కథను ముందే 24 కి కుదించుకుని మొదలుపెట్టండి.

సిరాబుడ్డి

24 అయితే ముడి ఎక్కడ పడాలి? ముఖపత్రం కాగితం ఎంత మందం?

పేజీ_మడత

నాలుగో పేజీ చివర అంటే 12వ పద్యం. ముఖపత్రానికి 80 నుంచి 120 గ్రాముల రంగు కాగితం చాలు. అట్ట లాంటిది వద్దు, పుస్తకం మూసి ఉండదు. కొనేముందు కాగితం నార ఎటు ఉందో చూడండి: చిన్న ముక్క రెండు దిక్కులా మెల్లగా వంచితే తేలిగ్గా వంగే దిక్కున మడత పడాలి. నారకు అడ్డంగా మడిస్తే లేజర్ నలుపు మడత మీద పెచ్చులూడుతుంది. బొమ్మను మడతకు 6 మిల్లీమీటర్లు ఎడంగా పెట్టుకుంటే ఆ బాధ కూడా ఉండదు.